కారెంపూడి వీరారాధనము: ఒక సంస్థ పుట్టుపూర్వోత్తరములు

సంస్థల చరిత్రము వ్రాయబూనినవారు శంకుస్థాపన దినమును, దాతల నామములను, భవనముల పొడవు వెడల్పులను మొదట సేకరించుట వాడుక. పల్నాటిసీమలో నాగులేటి యొడ్డున వెలసిన కారెంపూడి వీరుల గుడిని గూర్చి వ్రాయువానికి ఈ పద్ధతి యంతగా నుపకరింపదు. ఏటేట కార్తీక బహుళామావాస్య మొదలు ఐదు దినములు ఏ యింటివారు ఏ వీరుని ఆయుధమును మోయవలెనో, ఎవరు ఏ ఘట్టమును గానము చేయవలెనో నిర్ణయించుచు వంశానుగతముగా వచ్చుచున్న కట్టుబాటే ఈ సంస్థకు పునాది, గోడలు, కప్పును.

పండ్రెండవ శతాబ్దిలో, హైహయవంశీయుడగు అనుగురాజునకు సవతి బిడ్డలైన నలగామ, మలిదేవుల నడుమ రాజ్యము చీలి, గురజాలలో నాయకురాలు నాగమ్మయు, మాచెర్లలో బ్రహ్మనాయుడును మంత్రాంగము నడపుచుండగా పెరిగిన వైరము ఈ కారెంపూడి రణరంగముననే ముగిసినది. నేలగూలినవారిలో అరువదియార్గురు వీరులను జనులు దైవములుగా నెన్నుకొని, వారి పేర శిలలు నిలిపి, వారి ఆయుధములకు కొణతములని పేరిడి కొలుచుచున్నారు. నేటికిని దూరప్రాంతములనుండి ఆచారవంతులు తమ పెద్దలనాటి కొణతములను తెచ్చి, నాగులేటిలో శుద్ధిచేసి, పీఠాధిపతి సమక్షమున ఆరాధింతురు.

ఐదు దినములకు ఐదు పేర్లు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. కథాక్రమము నెరిగినవాడు ఈ వరుసను చూచి ఒకింత విస్మయము పొందకపోడు. కథలో మొట్టమొదటిది కోడిపోరు. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనను ఒడంబడికతో జరిగిన ఆ పందెమువలననే మాచెర్లవారికి వనవాసము ప్రాప్తించినది. పిదప వారి పశువులమందపై శత్రువులు విరుచుకొనిపడగా, కాపరియగు లంకన్న పోరాడి యసువులు బాసినది మందపోరు. గడువు తీరినమీదట రాజ్యభాగమడుగ బోయిన అలరాజు, నలగామునకు స్వయముగా అల్లుడై యుండియు, విషప్రయోగమునకు బలియైనది రాయబారము. ఉత్సవమునందు ఈ మూడును తలక్రిందులుగా నడచును: సంధి చెడిన దినమునుండి మంద నశించిన దినమునకు, అచ్చటినుండి పందెము కాచిన దినమునకు, ఫలమునుండి కారణమునకు వెనుకకు నడచి, అటుపిమ్మటనే కళ్ళిపాడునాడు జనము రణభూమిలో అడుగిడును. ఈ వరుసను తీర్చినవారి యాంతర్య మేదైనను, చూచువానికి కలుగు బోధ స్పష్టము: ఇంతటి వినాశమునకు మూలము వెదకికొనుచు పోగా తుదకు కనబడునది రెండు కోడిపుంజులు.

మందపోరునాడు జరుగు చాపకూడు ఈ సంస్థకు కలికితురాయి. కులభేదము పాటింపక ఒకే చాపపై అందఱును భుజింపవలెనని బ్రహ్మనాయుడు నెలకొల్పెనని చెప్పబడు పంక్తిభోజనమిది. మాలకులమున బుట్టిన కన్నమదాసును పుత్రసమానముగా జూచి సేనానిని గావించిన వానికి అది కేవలము మాటగా మిగిలియుండదు. ఆ వీరుల గాథను తరతరములుగా నోట నిలిపి పాడుచున్నవారును మాలలలోని వీరవిద్యావంతులే. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతము పరిష్కరించి 1911లో ప్రకటించువఱకు అచ్చుపుస్తకమున కందని ఆ కథను, అంతకుముందును ఆ తరువాతను, సామాన్యజనమునకు వినిపించినది వీరి కంఠమే.

కళ్ళిపాడునాడు ఆచారవంతులు వీరులవలె నేలకొరుగుదురు. ఇరువాగులవారికిని అర్చన యొక్కటే. ఇచ్చట జయస్తంభము లేదు, ఉండుటకు హేతువును లేదు: గెలిచినవాడని చెప్పదగిన బ్రహ్మనాయుడు రాజ్యమును నలగామునకే విడిచి గుత్తికొండ బిలమున ప్రవేశించెనని జనశ్రుతి. స్మారకోత్సవములు పెక్కు విజయమును కీర్తించుటకు పుట్టగా, దాయాదుల తగవులో ఇరుపక్షములును ఓడినవని యొప్పుకొనుచు ఒక చిన్న యూరు ఇన్ని శతాబ్దులు ఉత్సవము సాగించుట సామాన్యము కాదు. గుడికి సున్నము వేయించుటయు, ప్రాకారమును బాగుచేయించుటయు ధనముతో నగు పనులు. విద్యావంతుల పాటను, కొణతముల కట్టుబాటును, చాపకూటి పంక్తిని చెదరనీయకుండుట మాత్రము ఆ యూరివారు తమ బిడ్డలకు స్వయముగా నేర్పవలసిన పని. ఈ సంస్థ మనుగడ ఆ రెండవ పనిపైననే యాధారపడియున్నది.