బాల్ పైథాన్: గూడు, తేమ
బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో తలదాచుకునే చిన్న కొండచిలువ. పెంపకంలో దానికి విశాలమైన పెట్టె ఒక్కటే చాలదు; ఒంటికి ఆనుకునేంత ఇరుకైన దాగుచోట్లు రెండు కావాలి. ఒకటి 31–33 డిగ్రీల సెల్సియస్ ఉండే వెచ్చని వైపు, మరొకటి 25–27 డిగ్రీల చల్లని వైపు. గాలిలో తేమ 60–80 శాతం ఉండాలి. పెట్టె మూత అంతా జాలీ అయితే దీపం వేడికి ఆ తేమ ఇట్టే ఎగిరిపోతుంది. అప్పుడు ఒకే తొడుగులా ఊడాల్సిన కుబుసం ముక్కలుగా చిరుగుతుంది, కంటి మీది పొర అక్కడే అతుక్కుపోతుంది. దాన్ని గోటితో పీకకూడదు. అలాగని అదేపనిగా నీళ్లు చిలకరిస్తే అడుగు తడిసి పొట్ట పొలుసులు కుళ్లుతాయి. కొబ్బరిపొట్టు మందంగా పరిచి, అడుగు పొరకే నీరు పట్టించి, పైపొరను పొడిగా ఉంచడం మేలు. ఈ పెంపకం సూచనలన్నీ బాల్ పైథాన్‌కే; భారతీయ కొండచిలువ సంగతి వేరు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడం నేరం.