కొనడం అరుదు

ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథం 1861లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు. నాలుగో కాన్పు తర్వాత జ్వరంతో 1865లో పోయేనాటికి ఇరవై ఎనిమిది. ఇంగ్లీషు నవల మీద పని చేసేవాళ్ళం ఈ పుస్తకం దగ్గరికి వెళ్ళేది వంటల కోసం కాదు, ధరల కోసం. ఏ వంటకానికైనా చివర ఆమె ఖర్చెంతో, ఎందరికి సరిపోతుందో, ఏ నెలల్లో దొరుకుతుందో రాస్తుంది. ఇల్లు నడిపే ఆడవాళ్ళకి అదొక లెక్కల పుస్తకం.

అందులో అడవి పిట్టల ధరలున్నాయి. ఫెజెంట్ ఒక్కొక్కటి రెండున్నర నుంచి మూడు షిల్లింగులు. మన కౌజుకి దూరపు చుట్టమైన పార్ట్రిడ్జ్, జత ఒకటిన్నర నుంచి రెండు షిల్లింగులు. కొండల మీద పొదల్లో ఉండే గ్రౌజ్ జత రెండు నుంచి రెండున్నర. గ్రౌజ్ దగ్గర మాత్రం ధర వేశాక ఆమె ఒక చిన్న ముక్క చేర్చింది: దీన్ని కొనడం అరుదు అని. జత ఐదారు షిల్లింగులు పలికే బ్లాక్‌కాక్ దగ్గరా అదే ముక్క.

కొనడం అరుదైతే బల్ల మీదికెలా వస్తుంది? ఎవరో పంపిస్తారు. వేటాడే భూములున్న చుట్టమో, స్నేహితుడో, భర్త పలుకుబడి అవసరమైనవాడో బుట్టలో గడ్డి పేర్చి పంపిస్తాడు. బీటన్ పాఠకురాలికి ఇది విప్పి చెప్పక్కర్లేదు. మనకి మాత్రం ఆ ముక్క వెనక రెండు వందల ఏళ్ళ చట్టం ఉందని తెలియాలి.

1671లో ఇంగ్లండు పార్లమెంటు ఒక వేట చట్టం చేసింది. ఏడాదికి వంద పౌండ్ల రాబడినిచ్చే సొంత భూమి గానీ, నూటయాభై పౌండ్ల రాబడినిచ్చే దీర్ఘకాలపు కౌలు గానీ ఉన్నవాళ్ళకే వేటాడే అర్హత. లేదా ఎస్క్వైర్ హోదా గలవాడి, అంతకు పైవాడి పెద్ద కొడుకై ఉండాలి. కొడుకని రాశారు, కూతురి ఊసు లేదు. సొంత పొలంలో గింజలు తింటున్న పిట్టని కొట్టే హక్కు చిన్న రైతుకి లేదు. 1707లో ఇంకో చట్టం మారుబేరగాళ్ళ మీద పడింది. పల్లెల్లో గుడ్లూ వెన్నా కోళ్ళూ సేకరించి పట్నంలో అమ్ముకునే హిగ్లర్లూ, బండివాళ్ళూ, సత్రాలవాళ్ళూ ఫెజెంటో పార్ట్రిడ్జో గ్రౌజో దగ్గరుంచుకుని దొరికితే పిట్టకి ఐదు పౌండ్ల జరిమానా, కట్టలేకపోతే మూడు నెలల జైలు. 1755 నాటికి అర్హత ఉన్న భూస్వామి కూడా అమ్మకూడదన్నారు. 1818లో కొనడం కూడా నేరమైంది.

అంటే పిట్ట ఉంది, తినేవాళ్ళున్నారు, డబ్బూ ఉంది. ధర ఉండటానికి మాత్రం వీల్లేదు. వేట పిట్ట పెద్దమనిషి చేతిలోంచి బహుమతిగానే కదలాలి.

జేన్ ఆస్టిన్ నవలలు ఈ కాలానివే. 1811లో వచ్చిన 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో తండ్రి పోయి, ఇల్లూ భూమీ సవతి అన్న పాలై, తల్లీ ముగ్గురు కూతుళ్ళూ దూరపు బంధువు సర్ జాన్ మిడిల్టన్ ఇచ్చిన చిన్న ఇంట్లో దిగుతారు. దిగీ దిగగానే ఆయన దగ్గర్నుంచి కూరగాయలూ పళ్ళూ వస్తాయి, ఆ రోజు ముగిసేలోపే వేట పిట్టలూ వస్తాయి. తరగతిలో ఈ ఘట్టాన్ని సర్ జాన్ మంచితనానికి గుర్తుగా చెప్పి దాటేయడం మామూలు. ఆయన మంచివాడే, కాదనను. ఆ నలుగురు ఆడవాళ్ళకి వేటాడే అర్హత లేదు, కొనే దారి కూడా చట్టం మూసేసింది. పిట్ట తినాలంటే పుచ్చుకోవాలి. పుచ్చుకున్నాక ఆయన భోజనానికి పిలిచినప్పుడల్లా వెళ్ళాలి, ఆయన వేళాకోళాలకి నవ్వాలి. రెండేళ్ళ తర్వాత వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో మిసెస్ బెనెట్ కూతురికి సంబంధం ఖాయం చేసుకోవడానికి బింగ్లీని తమ పొలాల్లో ఇష్టమొచ్చినన్ని పిట్టల్ని కొట్టుకోమంటుంది. తన విందులో పార్ట్రిడ్జ్‌లు ఎంత బాగా కుదిరాయో డార్సీ కూడా ఒప్పుకున్నాడని మురిసిపోతుంది. మనం నవ్వుతాం. ఆమె చేతిలో ఉన్న ఎర అదొక్కటే, అదీ మొగుడి పొలంలోది.

'కన్యాశుల్కం' చదివి పెరిగిన వాళ్ళం. దేనికైనా ధర కట్టడమంటే మనలో ఏదో మండుతుంది. సరుకుగా మారడాన్ని అవమానంగానే లెక్కిస్తాం, సబబే. అయితే ధర కట్టనివ్వకపోవడం కూడా పెత్తనమేనని ఈ పిట్టల చరిత్ర చదువుతుంటే అనిపించింది. ఇంటి చాకిరీకి ధర లేదనడం దాన్ని నెత్తిన పెట్టుకోవడం కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? బజారులో షిల్లింగు పడేసి కొన్నది ఎవరి దయా కాదు. పిట్టకి ధర రాకూడదని భూస్వాములు అంత పట్టుపట్టింది అందుకే.

చట్టం ఎన్ని చెప్పినా లండన్‌లో పిట్టలు అమ్ముడవుతూనే ఉన్నాయి. వ్యాపారంలో సంపాదించి బల్ల మీద ఫెజెంట్ ఉండాలనుకునే కొత్త ధనికులకి పంపే చుట్టాలు లేరు. లెడన్‌హాల్ మార్కెట్లో కోళ్ళ వ్యాపారులు చాటుగా తెప్పించేవారు. పల్లెలో ఉచ్చు పన్నినవాడు హిగ్లర్‌కి ఇస్తే, అతను తపాలా బండి గార్డుకి చేరవేసేవాడు. 1820ల్లో పార్లమెంటు కమిటీల ముందు వ్యాపారులే వచ్చి ఇదంతా దాచకుండా చెప్పారు. చివరికి 1831 చట్టం అమ్మకాన్ని ఒప్పుకుంది. లైసెన్సు తీసుకుని, దుకాణం ముందు పేరుతో బోర్డు పెట్టి ఎవరైనా అమ్మవచ్చు. సీజను ముగిశాక పది రోజుల్లో సరుకు వదిలించుకోవాలి.

ఎవరైనా అంటే, కొందరు కాక. సత్రం, బీరు కొట్టు నడిపేవాళ్ళకీ, తపాలా బండ్లవాళ్ళకీ, సరుకు మోసే బండివాళ్ళకీ, హిగ్లర్లకీ, వాళ్ళ దగ్గర పని చేసేవాళ్ళకీ లైసెన్సు ఇవ్వకూడదని అదే చట్టంలో రాశారు. వంద ఏళ్ళకి పైగా జైలు భయంతో ఈ వ్యాపారాన్ని బతికించినవాళ్ళని, అది న్యాయమైన వ్యాపారమయ్యే రోజున బయటికి నెట్టారు. వెన్నా గుడ్లూ గంపకెత్తుకుని పట్నానికి నడిచిన వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

ఉచ్చు పన్నినవాళ్ళ సంగతి చెప్పాలంటే బార్బరా హామండ్ దగ్గరికి వెళ్ళాలి. భర్త జాన్‌తో కలిసి ఆమె రాసిన 'ది విలేజ్ లేబరర్' 1911లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి శ్రేణిలో నెగ్గినా ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకి డిగ్రీలివ్వడం 1920లో గానీ మొదలుపెట్టలేదు. 1827 నుంచి 1830 దాకా వేట చట్టాల కింద 8,502 మందికి శిక్షలు పడ్డాయనీ, దేశంలో పడిన శిక్షల్లో ఏడింట ఒకటి ఇవేననీ ఆ పుస్తకం లెక్క చూపింది. రాత్రిపూట దొంగవేటలో మూడోసారి దొరికితే 1828 చట్టం ప్రకారం సముద్రాల అవతలికి ప్రవాసం. వెళ్ళినవాడి పేరు రికార్డులో ఉంటుంది. వెనక మిగిలిన మనిషి పేరు కోసం బీదల సహాయ నిధి పద్దుల్లో వెతుక్కోవాలి.

మళ్ళీ బీటన్ పుస్తకానికి వస్తాను. మొదట్లోనే పనివాళ్ళ జీతాల పట్టిక ఉంది. అన్నిటికంటే అడుగున అంట్లు తోమే పిల్ల, స్కలరీ మెయిడ్. ఏడాదికి 5 నుంచి 9 పౌండ్లు. పౌండుకి ఇరవై షిల్లింగుల లెక్కన అయిదు పౌండ్లంటే వారానికి రెండు షిల్లింగులు కూడా రావు. తిండీ పడకా ఇంటివాళ్ళవే, నిజమే. అయినా ఒక్క ఫెజెంట్ ధర ఆ పిల్ల వారం జీతం కంటే ఎక్కువ. ఈకలు పీకేదీ, పేగులు తీసేదీ అలాంటి పిల్లలే. పైగా ఈ పిట్టని తాజాగా వండరు. ఈకలతో సహా చల్లటి గదిలో మెడకి తాడు కట్టి రోజుల తరబడి వేలాడదీస్తారు. మాంసం మాగి వాసన వస్తేనే రుచట. బీటన్ కూడా వీలైనంతకాలం వేలాడనివ్వమనే చెబుతుంది. మాగిన పిట్ట చర్మం చినగకుండా ఈకలు పీకడం ఎంత పనో ఊహించుకోవచ్చు. షిల్లింగుల లెక్కలో ఆ చేతులు కనపడవు.

హార్డీ 'టెస్' నవల 1891లో వచ్చింది. ఎం.ఏ. పాఠంగా చదివిన వాళ్ళకి ఆ చెట్లకింది రాత్రి గుర్తుండే ఉంటుంది. పని వెతుక్కుంటూ నడుస్తున్న టెస్, దారిలో తన గతం తెలిసిన మగాడి నుంచి పారిపోయి చెట్ల గుంపులో పడుకుంటుంది. రాత్రంతా ఏవో చప్పుళ్ళు. తెల్లారి చూస్తే ముందురోజు వేటలో గుళ్ళు తగిలి, చావు రాక కొట్టుకుంటున్న ఫెజెంట్లు. ఏడుస్తూ ఒక్కోదాని మెడ తిప్పి బాధ తీరుస్తుంది. దీన్ని జాలికీ, ప్రతీకకీ ఉదాహరణగా ఎన్ని వ్యాసాలు రాసుకున్నామో. నాకు ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది. ఆమె వాటిలో ఒక్కదాన్నీ తీసుకెళ్ళదు, చంపి అక్కడే వదిలేస్తుంది. 1862లో వచ్చిన చట్టం ప్రకారం దొంగవేట పిట్ట దగ్గరుందన్న అనుమానం వస్తే దారిన పోయేవాళ్ళని ఆపి సోదా చేసే అధికారం కానిస్టేబుల్‌కి ఉంది. చేతిలో రెండు ఫెజెంట్లతో బాటన పడ్డ కూలిపిల్ల కథ అక్కడే ఆగిపోయేది.

టెస్ నాటికి ఫెజెంట్ అసలు అడవి పిట్టే కాదనాలి. గేమ్‌కీపర్లు వాటి గుడ్లని పొదుగుకొచ్చిన మామూలు కోడిపెట్టల కింద పెట్టి, వేలకొద్దీ పిల్లల్ని పెంచి, అడవిలో వదిలి, తర్వాత తుపాకుల ముందుకి తోలించేవారు. ఇంగ్లీషులో వేట పిట్టకీ ఆటకీ ఒకటే మాట కావడం ఇక్కడ బాగా నప్పింది. ఆ పెద్దమనుషులే చెప్పుకునే ఒక సామెత ఉంది. పైకి లేచింది ఒక గినీ, పేలింది పెన్నీన్నర, కింద పడింది అర క్రౌను అని. పెంచడానికి ఇరవై ఒక్క షిల్లింగులు, తూటాకి పెన్నీన్నర, చచ్చాక బజారులో రెండున్నర షిల్లింగులు. 1913 డిసెంబరు 18న హాల్ బార్న్ ఎస్టేటులో అయిదో జార్జి, ఆయన మిత్రులూ ఒక్కరోజులో 3,937 ఫెజెంట్లని కూల్చారు. సామెత లెక్కన వాటికి పెట్టింది 4,133 పౌండ్లు, అమ్మితే వచ్చేది 492. ఎమిలీ డేవిసన్ డెర్బీ పందెంలో ఇదే రాజు గుర్రం కింద పడి ప్రాణం వదిలింది ఆ ఏడాది జూన్‌లోనే.

ఆడవాళ్ళు పిట్టల కోసం మాట్లాడలేదా? మాట్లాడారు. టోపీలకి ఈకల కోసం జరిగే వధకి వ్యతిరేకంగా 1889లో మాంచెస్టర్ దగ్గర డిడ్స్‌బరీలో ఎమిలీ విలియమ్సన్ పెట్టిన సంఘమే నేటి ఆర్.ఎస్.పి.బి.కి మూలం. తిండికోసం చంపని ఏ పిట్ట ఈకలూ పెట్టుకోమని సభ్యురాళ్ళు మాటిచ్చేవారు, ఒక్క ఉష్ట్రపక్షివి తప్ప. 1904లో రాజపత్రం వచ్చింది. వేట పిట్టల్ని చంపే విషయంలో సంఘం జోక్యం చేసుకోకూడదని అందులోనే ఉంది. దశాబ్దాల తరబడి అధ్యక్షురాలిగా ఉన్న పోర్ట్‌లాండ్ డచెస్ భర్త పేరున్న వేటగాడు. ఆడదాని టోపీ మీది ఈకని నిలదీయవచ్చు, మొగుడి తుపాకీని కాదు. ఆ సంఘం స్త్రీలని తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. వాళ్ళకి దొరికిన చోటే అంత.

ఈ చట్టాల నీడ మన మీదా పడింది. 1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరుల కోసం చేసిన చట్టంతో సీజనూ లైసెన్సూ ఇక్కడికొచ్చాయి. 1887 చట్టం గుడ్లు పెట్టే కాలంలో అడవి పిట్టల్ని దగ్గరుంచుకోవడాన్నీ, అమ్మడాన్నీ కట్టడి చేసే అధికారం మునిసిపాలిటీలకీ కంటోన్మెంట్లకీ ఇచ్చింది. దొర తుపాకీ కంటే బజారులో గంప మీదే దాని చూపు. 1972 వన్యప్రాణి చట్టం, దాని 1991 సవరణ తర్వాత మన దగ్గర అడవి పిట్టని వేటాడటానికి లైసెన్సు అన్న మాటే లేదు. కోస్తా ఊళ్ళలో మేక మాంసాన్ని ఇంకా వేట మాంసమనే అంటాం. వేట పోయి, మాట ఒక్కటీ కిలో ధర పక్కన మిగిలింది.

ఇంగ్లండులో వేట పిట్టల అమ్మకపు లైసెన్సు 2007లో రద్దయింది. ఏటా కోట్లలో ఫెజెంట్లని పెంచి వదులుతూనే ఉన్నారు. డబ్బు కట్టి వేటకొచ్చేవాడికి పిట్ట ఒక్కింటికి పదుల పౌండ్లు పడుతుంది. అదే పిట్టల జతకి డీలరు కొన్ని సీజన్లలో పావలా అర్ధా లెక్కన పెన్నీలే ఇచ్చాడు, ఒక్కోసారి తీసుకుపోవడానికి ఎదురు అడిగాడు. సామెతలోని అర క్రౌనే నయం. పల్లెటూరి మాంసం దుకాణాల్లో మాత్రం ఈకలతో వేలాడే పిట్టకి ఒక ధర, శుభ్రం చేసి వండటానికి సిద్ధంగా ఉన్నదానికి అంతకంటే ఎక్కువ ధర ఉంటుంది. బీటన్ పుస్తకంలో ఆ తేడాకి వేరే గడి లేదు.