తొలి చూలు పడ్డకు ఏ జాతి సూది చేయించాలి?

పడ్డ ఎదకొచ్చిందనగానే రైతులు ముందుగా అడిగేది "ఎక్కువ పాలిచ్చే జాతి సూది ఏదండీ?" అని. రెండో ఈత, మూడో ఈత పశువుకైతే ఆ ప్రశ్న సరైనదే. తొలి చూలు పశువు విషయంలో మాత్రం ముందు ఇంకోటి చూసుకోవాలి. పుట్టబోయే దూడను ఆ పడ్డ ఇబ్బంది లేకుండా ఈనగలదా? దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి మండలాల్లో ఒకటి రెండు పశువులతో పాడి చేసే ఇళ్లే ఎక్కువ. మూడేళ్లు మేపిన పడ్డ ఈత దగ్గర దెబ్బతింటే ఆ ఇంటికి పాలూ దూడా రెండూ పోయినట్టే.

మన ఒంగోలు పశువుల సంతతే బ్రెజిల్ దేశంలో నెలోర్ పేరుతో కోట్ల సంఖ్యలో పెరుగుతోంది. అక్కడ వాటిని మాంసం కోసం పెంచుతారు. చాలామంది రైతులు నెలోర్ పశువులకు ఆంగస్ జాతి వీర్యం వేసి సంకరం చేస్తారు. పెద్ద దూడ పుడితే లాభం ఎక్కువ వచ్చే వ్యాపారం అది. అయినా తొలి చూలు పెయ్యలకు మాత్రం పుట్టుక బరువు తక్కువగా ఉండే దూడలనిచ్చే ఆబోతులనే ఏరి వాడతారు. మనం పాల కోసం పెంచుతాం, లెక్క మాత్రం అదే.

జాతి సంగతి తర్వాత, ముందు పశువు బరువు చూడండి. వయసు వచ్చింది కదా అని సూది చేయించకండి. పెద్ద పశువుకు ఉండే బరువులో కనీసం 60 శాతం రావాలి. జెర్సీ సంకర పెయ్యకు 220 నుంచి 250 కిలోలు, ముర్రా పడ్డకు 300 కిలోలకు తగ్గకుండా ఉంటే మంచిది. కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే ఇంచుమించు కిలోలు వస్తాయి. చుట్టుకొలత 64, పొడవు 50 అంగుళాలైతే 310 కిలోలు. బరువు చాలకపోతే రెండు మూడు ఎదలు వదిలేయండి. వట్టి వరిగడ్డి మీద పెరిగిన పడ్డకు పచ్చిమేత, కొంచెం దాణా, ఖనిజ లవణ మిశ్రమం పెడితే ఆ తేడా తొందరగానే పూడుతుంది.

గేదె పడ్డలకు జాతి ఎంపికలో తర్జనభర్జన లేదు. మన నాటు గేదెలకైనా, గ్రేడెడ్ ముర్రాకైనా ముర్రాయే. వెన్న 7 శాతం దాకా వస్తుంది, మన డెయిరీలు డబ్బు కట్టేది వెన్న చూసే. నాటు పడ్డ మరీ చిన్నదైతే మాత్రం బరువు విషయంలో ఇంకొంచెం ఓపిక పట్టండి.

పెయ్యల విషయంలోనే పొరపాట్లు జరుగుతున్నాయి. హెచ్.ఎఫ్. అని పిలిచే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ దూడ పుట్టేటప్పుడు 40 కిలోల దాకా తూగుతుంది. జెర్సీ దూడ 25 కిలోలు. చిన్న నాటు పెయ్యకు హెచ్.ఎఫ్. సూది చేయించడం దాని ప్రాణంతో చెలగాటమే. దానికి జెర్సీ సరిపోతుంది. పైగా కృష్ణా కాలువల కింద మన ఉక్కపోతకు హెచ్.ఎఫ్. రక్తం ఎక్కువైన పశువు రొప్పుతుంది, మేత మానేస్తుంది, చూలు నిలవదు. ఇప్పటికే సగం జెర్సీ రక్తం ఉన్న పెయ్యకు మళ్లీ మళ్లీ స్వచ్ఛమైన జెర్సీ వేస్తూ పోకండి. సంకర జెర్సీ ఆబోతు వీర్యం అడిగి వేయించుకుంటే విదేశీ రక్తం సగం దగ్గరే ఆగుతుంది, ఎండకూ రోగాలకూ తట్టుకుంటుంది. హెచ్.ఎఫ్. సంకర పెయ్య ఉంటే తొలి ఈతకు జెర్సీ వేయించవచ్చు.

మీ దగ్గర ఉన్నది మేలైన ఒంగోలు పెయ్య అయితే దయచేసి సంకరం చేయకండి, ఒంగోలు వీర్యమే వేయించండి. బండలాగుడు పందేల వాళ్లు మంచి ఒంగోలు కోడెదూడకు ఎంత పెడతారో మీకు తెలియంది కాదు. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఈ జాతి మీదే పరిశోధన జరుగుతోంది, అక్కడ విచారించండి.

ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన వీర్యం ఇప్పుడు దొరుకుతోంది. నూటికి తొంభై వరకు పెయ్యలే పుడతాయి. ట్రాక్టర్లు వచ్చాక కోడెదూడలను ఏం చేయాలో తెలియని పాడి రైతుకు ఇది అక్కరకొచ్చేదే. ఆడదూడ కాస్త చిన్నదిగా పుడుతుంది కాబట్టి తొలి ఈతకూ తేలిక. అయితే చూలు కట్టే శాతం మామూలు వీర్యం కంటే కొంచెం తక్కువ. అందుకే ఎద స్పష్టంగా కనిపించిన, మంచి ఒళ్లున్న పడ్డకే వాడండి. సబ్సిడీ ఎంతో మీ పశువైద్యశాలలో అడగండి.

జాతి కుదిరాక ఆబోతు నంబరు చూడాలి. ప్రతి స్ట్రా మీద జాతి, ఆబోతు నంబరు ముద్రించి ఉంటాయి. సూది వేసేవారిని అడిగి ఆ నంబరు, తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. మూడేళ్ల తర్వాత ఆ దూడే ఎదకొచ్చినప్పుడు మళ్లీ దాని తండ్రి వీర్యమే పడకుండా ఆ ఒక్క ముక్కే కాపాడుతుంది. ఊళ్లో తిరిగే దున్నపోతుకు తోలడం చౌకే, కానీ ఈసుకుపోయే రోగాలు ఒక పశువు నుంచి ఇంకోదానికి అలాగే అంటుకుంటాయి. పెయ్యదూడలకు, పడ్డదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో బ్రూసెల్లా టీకా ఒకసారి వేయించండి.

ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది చేయించాలి. గేదె పడ్డలు వేసవిలో అరవకుండానే ఎదకొస్తాయి, తీగలు వేస్తున్నదీ లేనిదీ తెల్లవారుజామునే చూడండి. 21 రోజులకు మళ్లీ పొర్లిందేమో గమనించండి, పొర్లకపోయినా మూడు నెలలకు చూడి పరీక్ష చేయించండి.

ఆవుకు 280 రోజులు, గేదెకు 310 రోజులు లెక్కేసి ఈత తేదీ గోడ మీద రాసుకోండి. చివరి రెండు నెలలు దాణా మరీ ఎక్కువ పోయకండి, దూడ పెరగడంతో పాటు దారిలో కొవ్వు పడుతుంది. ఉమ్మనీటి సంచి పగిలాక రెండు గంటలైనా దూడ కాళ్లు, మూతి కనబడకపోతే డాక్టరుగారికి ఫోను చేయండి. నలుగురు పట్టి లాగడం వద్దు. గేదెల్లో గర్భసంచి మెలిక పడటం మామూలే, అలాంటప్పుడు లాగితే సంచి చిరుగుతుంది. మెలికను విప్పడం డాక్టరు పని, అదీ ఎంత తొందరగా పిలిస్తే అంత తేలిక.