సైటోమెగలోవైరస్ సంక్రమణ

సైటోమెగలోవైరస్ హెర్పిస్ కుటుంబానికి చెందిన ఒక వైరస్. ఇది సోకిన కణాలు బాగా ఉబ్బి, సూక్ష్మదర్శినిలో గుడ్లగూబ కళ్ళలా కనిపిస్తాయి. 'పెద్ద కణాల వైరస్' అని అర్థం వచ్చే ఈ పేరును అమెరికా శాస్త్రవేత్త థామస్ వెల్లర్ పెట్టాడు. ఒకసారి శరీరంలో ప్రవేశించిన వైరస్ జీవితాంతం నిద్రాణంగా ఉండిపోతుంది. భారతదేశంలో పెద్దలలో అత్యధికులకు ఇది ఎప్పుడో ఒకప్పుడు సోకినదే.

వ్యాప్తి

లాలాజలం, మూత్రం, చనుబాలు, రక్తం, లైంగిక సంపర్కం, అవయవ మార్పిడి ద్వారా వ్యాపిస్తుంది. గర్భిణి నుండి మాయ ద్వారా పిండానికి కూడా సోకుతుంది.

లక్షణాలు

ఆరోగ్యవంతులలో సాధారణంగా ఏ లక్షణాలూ ఉండవు. కొందరికి జ్వరం, నీరసం, గొంతునొప్పి కలుగుతాయి. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో కన్ను, ఊపిరితిత్తులు, పేగులు దెబ్బతింటాయి.

గర్భంలోనే వైరస్ సోకిన శిశువులలో కామెర్లు, చర్మంపై ఎర్రని చుక్కలు, కాలేయం, ప్లీహం వాపు, చిన్న తల వంటి లక్షణాలు కనిపించవచ్చు. అయితే ఎక్కువ మంది పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తారు. వారిలో కొందరికి నెలలు, సంవత్సరాల తరువాత వినికిడి తగ్గుతుంది. పిల్లలలో వంశపారంపర్యం కాని చెవుడుకు ఇది ఒక ముఖ్య కారణం.

వ్యాధి నిర్ధారణ

నవజాత శిశువు మూత్రాన్ని లేదా లాలాజలాన్ని పుట్టిన 21 రోజులలోపు పీసీఆర్ పద్ధతిలో పరీక్షించాలి. ఆ గడువు దాటితే వైరస్ గర్భంలో సోకినదా, పుట్టిన తరువాత చనుబాల వంటి వాటి ద్వారా సోకినదా అని తేల్చడం కష్టం. తల్లిపాలలోని వైరస్ నోటిలో ఉండే అవకాశం ఉన్నందున, లాలాజల ఫలితాన్ని మూత్ర పరీక్షతో ధ్రువీకరిస్తారు.

పెద్దలలో రక్తంలోని ఐజీఎం, ఐజీజీ ప్రతిరక్షకాలను పరీక్షిస్తారు. ఐజీజీ ఒక్కటే ఉంటే అది పాత సంక్రమణకు గుర్తు కావచ్చు. అవయవ మార్పిడి జరిగినవారిలో రక్తంలోని వైరస్ పరిమాణాన్ని పీసీఆర్ ద్వారా తరచు కొలుస్తారు.

చికిత్స

ఆరోగ్యవంతులైన పెద్దలకు సాధారణంగా మందులు అవసరం లేదు. వ్యాధి లక్షణాలు స్పష్టంగా ఉన్న శిశువులకు మొదటి నెలలోనే వాల్‌గాన్‌సిక్లోవిర్ ప్రారంభించి 6 నెలలు ఇస్తారు. ఇది వినికిడిని కొంతవరకు కాపాడుతుంది కాని, అప్పటికే జరిగిన నష్టాన్ని పూర్తిగా సరిచేయలేదు. ఈ మందు వలన తెల్ల రక్తకణాలు తగ్గవచ్చు కనుక తరచు రక్తపరీక్షలు చేయాలి. పిల్లల వినికిడిని కొన్నేళ్ళ పాటు పరీక్షిస్తూ ఉండాలి.

రోగనిరోధక శక్తి తగ్గిన పెద్దలకు గాన్‌సిక్లోవిర్, వాల్‌గాన్‌సిక్లోవిర్ వాడతారు. అవి పనిచేయకపోతే ఫాస్కార్నెట్ ఇస్తారు. దీనివలన మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అమెరికాలో 2017లో లెటర్మోవిర్ నివారణకు, 2021లో మారిబావిర్ మొండి సంక్రమణకు ఆమోదం పొందాయి.

నివారణ

ఈ వ్యాధికి ఆమోదం పొందిన టీకా లేదు. గర్భిణులు పసిపిల్లల ముక్కు, నోరు తుడిచిన తరువాత, మూత్రపు గుడ్డలు మార్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లలు తిన్న ఎంగిలి తినరాదు.