పెరిగిన ఆదాయం ఎవరింటికి చేరింది? కులం, కూలి, అసమానత

దేశ ఆదాయం పెరగడం వేరు, అది అందరికీ అందడం వేరు. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024 మార్చిలో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 1980ల ఆరంభంలో భారత జాతీయాదాయంలో పై 1 శాతం మంది వాటా సుమారు 6 శాతం. 2022-23 నాటికి అది 22.6 శాతానికి చేరింది. సంపదలో వాళ్ల వాటా 40.1 శాతం. కింది సగం జనాభాకు దక్కిన ఆదాయం 15 శాతమే.

కులం పనిచేసే చోట్లు

భూమి: 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో వాళ్ల కమతాలు 9 శాతం లోపే. పని ఇచ్చేదీ, అప్పు ఇచ్చేదీ ఒకే ఆసామి అయితే కూలీ రేటు గురించి బేరమాడలేడు.

ఉద్యోగం: సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత ఇంటిపేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతు తగ్గింది. జీతం మాట రాకముందే వడపోత జరిగిపోయిందన్నమాట.

లెక్కలు: లేబర్ బ్యూరో గ్రామీణ కూలి రేట్లను పని వారీగా, ఆడ మగ వారీగా ఇస్తుంది, కులం వారీగా కాదు. సామాజిక వర్గం నమోదయ్యేది పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో. దాని యూనిట్ డేటా నుంచి విద్యార్థులు ఈ తేడాను స్వయంగా లెక్కించవచ్చు.

చట్టం, అమలు

కనీస వేతనాల బిల్లును 1946లో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టింది కార్మిక సభ్యుడిగా ఉన్న అంబేడ్కరే. 1948లో అది చట్టమైంది. 2019లో అనూప్ సత్పతి కమిటీ రోజుకు 375 రూపాయల జాతీయ కనీస వేతనం సిఫారసు చేసింది. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన జాతీయ కనిష్ఠ స్థాయి 178 రూపాయలు.

కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(హెచ్) కింద నేరం. ఈ రెండింటినీ కలిపి చదివితే, తక్కువ కూలిపై ఫిర్యాదు లేబర్ ఆఫీసు దగ్గరే ఆగనక్కర్లేదు. పనిచేసిన రోజులు, ముట్టిన కూలి రాసిపెట్టుకోవడం దానికి మొదటి ఆధారం.