నకలు నుండి మూలమునకు: హెచ్.ఐ.వి. రహస్యము తెలిసిన చరిత్ర

వైరసు తనంతట తాను బ్రతుకజాలదు. ఆహారమును జీర్ణించుకొను సాధనములు దానికి లేవు. తన సంతానమును తానే నిర్మించుకొను పరికరములు లేవు. ఒక పొరలో చుట్టబడిన కొద్దిపాటి జన్యుపదార్థమే దాని ఆస్తి. అది ఏదో ఒక జీవకణములో జొరబడి, ఆ కణము సొంత పనికై ఉంచుకొన్న పరికరములను వాడుకొన్నప్పుడే వృద్ధి పొందును. కనుక ఒక వైరసును జయింపవలెనన్న, అది కణములోనికి ఏ ద్వారమున పోవుచున్నదో, లోపల ఏ పని తరువాత ఏ పని చేయుచున్నదో ముందు తెలియవలెను. ఎయిడ్స్ వ్యాధికి కారణమైన హెచ్.ఐ.వి. విషయములో ఈ జ్ఞానము ఒక్కనాడు వచ్చినది కాదు. ఆ కథ ఎయిడ్స్ పేరైనను ఎవరూ ఎరుగని కాలమున, ఒక కోడికి లేచిన కంతితో మొదలైనది.

కోడి కంతి నేర్పిన పాఠము

1911లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో పేటన్ రౌస్ అను శాస్త్రజ్ఞుడు ఒక కోడి కంతిని నూరి, ఆ రసమును బాక్టీరియాలు సైతము దూరలేని వడపోత గుండా పోనిచ్చి, ఆరోగ్యముగా ఉన్న కోళ్లకు ఎక్కించినాడు. వాటికి కూడ కంతులు లేచినవి. వైరసు వలన కాన్సరు కలుగవచ్చునని దీనివలన తేలినది. ఈ మాటకు విలువ వచ్చుటకు చాలకాలము పట్టినది. రౌస్‌కు నోబెల్ బహుమానము 1966లో గాని రాలేదు.

రౌస్ వైరసులోని జన్యుపదార్థము ఆర్.ఎన్.ఏ. చిక్కు ఇక్కడనే ఉన్నది. వెనుకటి దినములలో గ్రామ కరణము మూల దస్త్రమును భద్రముగా దాచి, అవసరమైన భాగమునకు మాత్రము నకలు వ్రాసి ఇచ్చెడివాడు. జీవకణము చేయునదియు ఇదియే. డి.ఎన్.ఏ. అను మూల దస్త్రమును కేంద్రకములో ఉంచుకొని, కావలసిన భాగమునకు ఆర్.ఎన్.ఏ. అను నకలు తీయును. ఆ నకలు ప్రకారము మాంసకృత్తులు తయారగును. మూలము నుండి నకలు, నకలు నుండి మాంసకృత్తు: జీవకణములో సమాచారము నడచు దారి ఇదొక్కటే అని 1960 ప్రాంతమున పెక్కుమంది శాస్త్రజ్ఞుల నమ్మకము. నకలును చూచి మూలము వ్రాయుట ఎవరి ఊహకును అందలేదు.

అయితే రౌస్ వైరసు సోకిన కణము ఒకసారి కాన్సరు కణముగా మారినచో, దాని సంతతి అంతయు అట్లే ఉండును. నకలు కొద్దికాలమే నిలుచునది. మరి ఈ మార్పు తరతరములకు ఎట్లు నిలిచినది? అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో హవర్డ్ టెమిన్ అను యువ శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నను పట్టుకొన్నాడు. డి.ఎన్.ఏ. నుండి నకలు తీయు పనిని ఆపివేయు ఆక్టినోమైసిన్-డి అను మందు ఒకటి కలదు. పోలియో వైరసు కూడ ఆర్.ఎన్.ఏ. వైరసే. దానికి డి.ఎన్.ఏ.తో ప్రసక్తి లేదు గనుక ఈ మందు దానిని ఆపజాలదు. కాని రౌస్ వైరసు సోకిన కణములకు టెమిన్ ఈ మందు ఇచ్చి చూడగా, కొత్త వైరసులు పుట్టుట ఆగిపోయినది. అనగా ఈ వైరసు మధ్యలో ఎప్పుడో డి.ఎన్.ఏ. రూపము ధరించుచున్నదన్నమాట. సోకిన వెంటనే ఆర్.ఎన్.ఏ. నుండి డి.ఎన్.ఏ. తయారై కణము దస్త్రములో చేరిపోవుననియు, అక్కడి నుండియే కొత్త వైరసులకు నకళ్లు వెలువడుననియు టెమిన్ 1964లో ప్రతిపాదించినాడు. అట్లు చేరిపోయిన వైరసును ప్రొవైరస్ అన్నాడు. ఆ మందు కణమునకు వేరే హాని ఏదో చేసి ఉండవచ్చునని పలువురు ఈ మాటను తోసివేసినారు. టెమిన్ మాత్రము తన పట్టు విడువలేదు.

సోకిన కణములో కొత్త మాంసకృత్తులు తయారుకాకుండ అడ్డినను ప్రొవైరస్ ఏర్పడుచునే ఉన్నదని టెమిన్ ప్రయోగశాలలో సతోషి మిజుతాని గమనించినాడు. అట్లయిన ఆ పని చేయు ఎంజైము కణములో అప్పుడు పుట్టినది కాదు. వైరసే దానిని వెంట తెచ్చుకొనుచుండవలెను. ఇద్దరును శుద్ధిచేసిన వైరసుల పైపొరను సబ్బు వంటి పదార్థముతో విప్పి, డి.ఎన్.ఏ.కు కావలసిన నాలుగు రకముల ముడిపదార్థములను అందించినారు. డి.ఎన్.ఏ. తయారైనది. ముందుగా ఆర్.ఎన్.ఏ.ను నాశనముచేసి చూడగా తయారు కాలేదు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో డేవిడ్ బాల్టిమోర్, ఎలుకలకు రక్తకాన్సరు కలిగించు వైరసుతో పనిచేసి, వేరొక దారిన అదే ఫలితమును చేరినాడు. 1970 జూన్ 27 నాటి ‘నేచర్’ పత్రికలో ఈ రెండు వ్యాసములు పక్కపక్కనే వెలువడినవి. ఆ ఎంజైమునకు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనియు, దానిని మోసుకొని తిరుగు వైరసులకు రెట్రోవైరసులనియు పేర్లు స్థిరపడినవి. టెమిన్, బాల్టిమోర్‌లకు, రెనాటో డల్బెకోతో కలిపి, 1975లో నోబెల్ బహుమానము లభించినది.

ప్యారిస్‌లో దొరికిన ఆనవాలు

1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వారపత్రికలో, లాస్ ఏంజెలెస్ నగరమున ఐదుగురు యువకులకు వచ్చిన ఒక అరుదైన న్యుమోనియాను గురించి చిన్న నివేదిక వెలువడినది. ఇట్టి రోగుల రక్తములో, రోగనిరోధక శక్తికి మూలస్తంభమైన ఒక జాతి తెల్లకణములు తరిగిపోయి ఉన్నవి. కారణము తెలియదు.

1983 జనవరిలో ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థకు ఒక రోగి మెడలోని లింఫు గ్రంథి ముక్క వచ్చినది. లూక్ మోంటానియే దానిలోని కణములను పెంపునకు పెట్టినాడు. ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, జాన్-క్లోద్ షెర్మాన్ ఆ ద్రవములో రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఉన్నదేమో అని కొద్ది రోజులకొకసారి పరీక్షించుచు వచ్చినారు. వైరసు ఎట్టిదో తెలియకున్నను, అది రెట్రోవైరసు అయినచో ఈ ఎంజైము బయటపడి తీరవలెను. రెండు వారముల తరువాత ఎంజైము ఆనవాలు కనబడినది. కాని అంతలో కణములు చచ్చిపోజొచ్చినవి, ఎంజైము కూడ తగ్గిపోయినది. అప్పుడు ఆరోగ్యవంతుడైన ఒక రక్తదాత తెల్లకణములను కలిపినారు. ఎంజైము మరల పెరిగినది. ఆ కొత్త కణములును చచ్చినవి. వైరసు ఉన్నది, అది కణములను చంపుచున్నది అని రెండు విషయములును దీనివలన తెలిసినవి. మే 20న వారి వ్యాసము ‘సైన్స్’ పత్రికలో వచ్చినది. ఎయిడ్స్‌కు కారణము ఇట్టి వైరసే అని మరుసటి సంవత్సరము అమెరికాలో రాబర్ట్ గాలో బృందము పలువురు రోగులలో చూపినది. 1986లో హెచ్.ఐ.వి. అను పేరు ఏర్పడినది. బారె-సినూసి, మోంటానియేలకు 2008లో నోబెల్ బహుమానము వచ్చినది.

వైరసు దొరకుటతో 1985 నాటికి రక్తపరీక్ష సాధ్యమైనది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తములను ఇట్టి పరీక్ష చేయగా, మన దేశములోను ఈ వ్యాధి ఉన్నదని బయటపడినది.

రెండు తాళముల ద్వారము

శరీరములో ఇన్ని కణములుండగా ఈ వైరసు ఒక జాతి తెల్లకణములనే ఏల పట్టుచున్నది? ఆ కణముల ఉపరితలమున సి.డి.4 అను మాంసకృత్తు కలదు. దానిని కప్పివేయు ప్రతిరక్షకములను ముందుగా కలిపినచో వైరసు సోకలేదని 1984లో లండనులోను ప్యారిస్‌లోను రెండు బృందములు వేరువేరుగా చూపినవి. 1986లో మరొక ప్రయోగము జరిగినది. సి.డి.4 లేని మానవ కణములకు దానిని అమర్చగా వైరసు లోనికి పోయినది. ఎలుక కణములకు అమర్చగా, వైరసు అంటుకొన్నది గాని లోనికి పోలేదు. అనగా మానవ కణముపై రెండవ తాళము ఇంకొకటి ఉన్నది.

ఆ రెండవదానిని కనుగొనుటకు పదేండ్లు పట్టినది. 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో ఎడ్వర్డ్ బెర్గర్ బృందము సి.ఎక్స్.సి.ఆర్.4 అను మాంసకృత్తును పట్టుకొన్నది. కొద్ది వారములలోనే ఐదు బృందములు సి.సి.ఆర్.5 అను ఇంకొకదానిని ప్రకటించినవి. కొత్తగా సోకు వైరసులు సాధారణముగా వాడునది ఈ రెండవదే. అదే సంవత్సరము విశేషమైన సంగతి ఒకటి తెలిసినది. పలుమారులు వైరసు తాకిడికి గురియైనను వ్యాధి సోకని కొందరిలో, సి.సి.ఆర్.5 జన్యువు నుండి 32 అక్షరములు లోపించి ఉన్నవి. తల్లి నుండియు తండ్రి నుండియు అట్టి జన్యువే వచ్చినవారు ఐరోపా సంతతివారిలో నూటికి ఒక్కరుందురు.

లోపల జరుగు పనులు

వైరసు పైపొరపై ఉన్న మాంసకృత్తు సి.డి.4ను పట్టుకొనగానే తన ఆకృతి మార్చుకొని, సి.సి.ఆర్.5ను అందుకొనును. అంతట దాగియున్న రెండవ భాగము ఒకటి సూదివలె కణపు పొరలో గుచ్చుకొని, రెండు పొరలను దగ్గరకు లాగి కలిపివేయును. శంకువు ఆకారముగల గుల్ల ఒకటి కణద్రవములో పడును. అందులో రెండు ఆర్.ఎన్.ఏ. పోగులు, కావలసిన ఎంజైములు ఉండును. ఈ గుల్ల కణద్రవములోనే విడిపోవునని చాలకాలము పాఠ్యగ్రంథములు చెప్పినవి. అది దాదాపు చెక్కుచెదరకుండ కేంద్రకపు రంధ్రముల గుండా దూరిపోవునని 2020 తరువాత ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని చిత్రములలో కనబడినది.

గుల్ల లోపల రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ నకలును చూచి మూలమును వ్రాయును. ఇంటిగ్రేజ్ అను ఎంజైము ఆ మూలమును కణము డి.ఎన్.ఏ.లో అతికించును. దొంగ పట్టా దస్త్రములో చేరిపోయినది! ఇక కణము దానిని తన సొంత పత్రమువలెనే భావించి నకళ్లు తీయును. ఆ నకళ్లనుబట్టి వైరసు మాంసకృత్తులు పొడవైన గొలుసులుగా తయారై, కణపు పొర కింద చేరి, మొగ్గవలె బయటికి పొడుచుకొని వచ్చును. ప్రోటియేజ్ అను ఎంజైము ఆ గొలుసులను తగిన చోట కత్తిరించినప్పుడే కొత్త వైరసునకు సోకు శక్తి వచ్చును. ప్రోటియేజ్‌ను చెడగొట్టినచో పుట్టిన వైరసులు నిర్వీర్యములని 1988లో తేలినది.

మెట్టుకొక మందు

ఈ మెట్లలో ఒక్కొక్కటి తెలిసిన కొలది ఒక్కొక్క మందు వచ్చినది. మొదటిది ఎ.జడ్.టి. దీనిని 1964లో కాన్సరుకై తయారుచేసి, పనిచేయనందున మూలకు పెట్టినారు. ఇది డి.ఎన్.ఏ. అక్షరములలో ఒకదానిని పోలి ఉండును గాని, తరువాతి అక్షరము తగులుకొనుటకు కావలసిన కొక్కెము దీనికి లేదు. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ పొరపాటున దీనిని చేర్చినచో వ్రాత అక్కడితో ఆగిపోవును. 1987 మార్చిలో దీని వాడుకకు అమెరికాలో అనుమతి లభించినది. కాని ఒంటరి మందు ఎక్కువ కాలము నిలువలేదు. ఈ ఎంజైము తాను వ్రాసినదానిని సరిచూచుకొనదు. తప్పులు దొర్లుచునే ఉండును. రోగి శరీరములో రోజుకు వెయ్యి కోట్ల వైరసులు పుట్టునని 1996లో డేవిడ్ హో, అలన్ పెరెల్సన్ మున్నగువారు లెక్కగట్టినారు. అన్ని తప్పుల నకళ్లలో మందునకు లొంగనిది ఒకటి ఎప్పుడును ఉండును. మూడు మందులకు ఒకేసారి లొంగనిది పుట్టుట మాత్రము మిక్కిలి కష్టము. 1995 చివర మొదటి ప్రోటియేజ్ నిరోధకము రాగా, 1996 నుండి మూడు మందుల చికిత్స ఆరంభమై మరణములు వేగముగా తగ్గినవి. ఇంటిగ్రేజ్‌ను అడ్డు మందు 2007లో వచ్చినది. గుల్లను అడ్డు లెనాకపవిర్ 2022లో వచ్చినది. దీనిని ఆరు నెలలకొకసారి సూదిమందుగా ఇత్తురు.

మొదట ఈ చికిత్సకు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చయ్యెడిది. 2001లో సిప్లా కంపెనీ 350 డాలర్లకు ఇచ్చుటకు ముందుకు వచ్చినది. హైదరాబాదులోని హెటెరో, అరబిందో వంటి కంపెనీలు కూడ ఈ మందులను పెద్దయెత్తున తయారుచేసి పలు దేశములకు పంపుచున్నవి. 2024 నాటికి ప్రపంచములో దాదాపు 4 కోట్ల మంది ఈ వైరసుతో జీవించుచుండగా, వారిలో 3 కోట్లకు పైగా చికిత్స పొందుచున్నారు.

తెరచియున్న ప్రశ్న

ఇన్ని మందులున్నను వ్యాధి ఏల నిర్మూలము కాదు? దీనికి సమాధానము టెమిన్ 1964లో చెప్పిన మాటలోనే ఉన్నది. కొన్ని తెల్లకణములు ప్రొవైరస్‌ను లోపల పెట్టుకొని విశ్రాంతిగా ఉండిపోవునని 1997లో తెలిసినది. అవి నకలు తీయవు గనుక మందులకు అక్కడ పనిలేదు. రోగనిరోధక శక్తి వాటిని గుర్తింపజాలదు. ఇట్టి కణముల సంఖ్య సగమగుటకు 44 నెలలు పట్టునని రాబర్ట్ సిలిసియానో బృందము 1999లో లెక్క చెప్పినది. అనగా అవి పూర్తిగా పోవుటకు 60 ఏండ్లకు పైబడును. మందు మానినచో, వాటిలో ఏదో ఒకటి మేల్కొని వైరసును మరల బయటికి వదలును. సి.సి.ఆర్.5 లోపించిన దాత నుండి ఎముకమజ్జ కణములు మార్పిడి చేయించుకొన్న బెర్లిన్ రోగి మొదలుగా కొద్దిమంది మాత్రమే దీనినుండి పూర్తిగా బయటపడినారు. అది రక్తకాన్సరు వంటి ప్రాణాపాయ స్థితిలో మాత్రమే చేయదగిన చికిత్స.

దస్త్రములో చేరిన దొంగ పట్టాను, తక్కిన పత్రములు చెడకుండ తొలగించుట ఎట్లు? నేటి పరిశోధన అంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది. కోడి కంతిని నూరిన రౌస్‌కు గాని, ఒక మందుతో కణములను పరీక్షించిన టెమిన్‌కు గాని, తమ పని కోట్ల ప్రాణములకు పనికివచ్చునని తెలియదు. వారు ఒక సంగతి ఎట్లు జరుగుచున్నదో తెలిసికొనగోరినారు. 1970లో ఆ ఎంజైము తెలిసియుండకున్నచో, 1983లో ప్యారిస్‌లో వెదుకవలసినది ఏమో ఎవరికిని తెలిసియుండెడిది కాదు.