పల్లెకి టీవీ వచ్చింది ఎవరి కోసం?

ఇది కాస్త పెద్ద పోస్టు. రాత్రి అన్నాలయ్యాక తీరిగ్గా చదవండి.

మీ ఇంట్లో హాల్లో టీవీ ఇప్పుడు ఏం చూపిస్తోంది? మా ఇంట్లో అయితే దీపాలు పెట్టే వేళకి మా అమ్మ యూట్యూబ్‌లో హరికథ పెట్టమంటుంది. తర్వాత మా వాడి క్రికెట్టు. ఎనిమిదిన్నరకి రిమోట్ నా చేతికొస్తే మిరప వీడియోలు. కేబుల్ తీసేసి రెండేళ్లయింది. మొన్న మా బావ వచ్చి చూసి, "ఇన్నాళ్లకి టీవీ రైతుకి కూడా పనికొచ్చిందన్నమాట" అన్నాడు. "బావా, మన దేశంలో టీవీ పల్లెకి వచ్చిందే రైతు కోసం" అన్నాను. నమ్మలేదు. మీలో కూడా చాలామంది నమ్మరు. అందుకే ఇది రాస్తున్నాను.

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. అది ప్రయోగం మాత్రమే. 1967 జనవరి 26న 'కృషి దర్శన్' మొదలుపెట్టారు. ఢిల్లీ చుట్టుపక్కల 80 ఊళ్లలో ఊరుమ్మడి టీవీలు పెట్టి, రైతులందర్నీ కూర్చోబెట్టి గోధుమ సాగు, కొత్త విత్తనాల గురించి చూపించేవారు. అప్పటికి బొంబాయికి కూడా టీవీ రాలేదు, అక్కడికి వచ్చింది 1972లో. అంటే బొంబాయి సినిమా వాళ్ల కంటే ముందు ఢిల్లీ పక్క రైతు టీవీ చూశాడు!

ఇక మనవైపు కథ ఇంకా విచిత్రం. విక్రమ్ సారాభాయ్ గారికి ఒక ఆలోచన వచ్చింది. ఊరూరా టవర్లు కట్టుకుంటూ పోతే ఎన్నేళ్లు పడుతుంది? ఆకాశంలో ఒక ఉపగ్రహం ఉంటే నేరుగా పల్లెకే బొమ్మ దింపొచ్చు కదా అని. మనకి సొంత ఉపగ్రహం లేదు. అందుకని 1969లో అమెరికా వాళ్ల నాసాతో ఒప్పందం చేసుకున్నారు, ఏటీఎస్-6 అనే వాళ్ల ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకి ఇచ్చేట్టు. పాపం, సారాభాయ్ గారు 1971 చివర్లోనే పోయారు, చూడలేకపోయారు.

1975 ఆగస్టు 1న అది మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాన్ని 'సైట్' అనేవారు. ఒక్కో ఊళ్లో బడి దగ్గరో పంచాయతీ దగ్గరో ఒక టీవీ, పైన పది అడుగుల డిష్. ఆ డిష్ దేనితో చేశారో తెలుసా? కోళ్ల గూళ్లకి కొట్టే ఇనుప జాలీ లాంటి దానితో! టీవీలు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పాటలు, నాటకాలు. హిందీ, ఒరియా, కన్నడంతో పాటు తెలుగులో కూడా కార్యక్రమాలు వచ్చాయి. అప్పటికి హైదరాబాద్‌లో టీవీ కేంద్రం లేదు. అది 1977 అక్టోబరులో వచ్చింది. రాజధాని కంటే రెండేళ్లు ముందు పల్లెల్లో తెలుగు టీవీ మోగింది. ఇది మా బావకి చెప్తే నోరు తెరిచాడు.

అయితే 1976 జులై 31తో గడువు అయిపోయింది. అమెరికా వాళ్లు ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకున్నారు. అరువు ఎద్దు కదా, సొంతగాడు వచ్చి తోలుకుపోయాడు. ఏడాది పాటు సాయంత్రమయ్యేసరికి టీవీ ముందు చేరిన చాలా ఊళ్లలో తెర నల్లబడింది. కొన్ని చోట్లే నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టి కొనసాగించారు. 1983లో మన ఇన్సాట్-1బి పైకి వెళ్లాక గానీ దేశమంతా మళ్లీ అందలేదు.

కానీ ఆ రెండోసారి వచ్చిన టీవీ వేరు. 1982 ఏషియాడ్‌తో రంగులు వచ్చాయి, 1984లో రోజుకొకటి లెక్కన ట్రాన్స్‌మిటర్లు లేచాయి. 1987లో రామాయణం. టీవీ ఉన్న ఇంటి వరండాలో ఊరంతా చెప్పులు విడిచి కూర్చున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. రైతు కార్యక్రమం లేదని కాదు, ఉంది. ఒక మూల అరగంట ఉండేది. తర్వాత కేబుల్, 1995లో ఈటీవీ. పొద్దున్నే వచ్చే 'అన్నదాత' చూసి సేద్యం మార్చుకున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ టైముకి మనం చేలో ఉంటాం. లేదా కరెంటు ఉండదు. పోయిందంటే పోయినట్టే, మళ్లీ చూడ్డానికి లేదు.

ఇక ఇంటర్నెట్. యూట్యూబ్ 2005లో పుట్టింది. మనకి అందింది మాత్రం 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర నేలకి దిగాక. అంతకుముందు ఒక వీడియో చూడాలంటే రీచార్జి గుండె గుభేలుమనేది. ఫోన్‌లోంచి హాల్లో టీవీకి రావడానికి ఇంకో మెట్టు. 2013లో గూగుల్ వాళ్లు అమెరికాలో 35 డాలర్లకి క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పుల్ల అమ్మారు. టీవీ వెనక గుచ్చితే మామూలు టీవీ కూడా ఇంటర్నెట్ టీవీ అయిపోయింది. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి, ఆ తర్వాత టీవీలోనే కలిపి అమ్ముతున్నారు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు. తీగ మన కరెంటు స్తంభాల మీదుగానే లాగారు.

వీడియో నడుమ నడుమ మసకబారుతుంది ఎందుకని చాలామంది అడుగుతారు. వీడియో మొత్తం ఒకేసారి రాదు. కొన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. నెట్ తగ్గితే అదే ముక్కని తక్కువ నాణ్యతలో తెచ్చుకుంటుంది, ఆగిపోకుండా. కాలవలో నీళ్లు తగ్గితే మనం మడవ చిన్నది చేసుకున్నట్టే.

ఇప్పుడు అసలు సంగతి, నా చేతులు కాలిన సంగతి. 2021 చివర్లో మిరపకి నల్ల తామర పురుగు ఎలా వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. చేలో నిలబడి ఫోన్‌లో ఒక వీడియో చూశాను. మూడు మందులు కలిపి కొట్టమన్నాడు. మర్నాడే ఎకరం కొట్టాను. నాలుగో రోజుకి ఆకులు మాడిపోయాయి. పురుగు మాత్రం పువ్వుల్లో హాయిగా ఉంది.

ఆ రాత్రి అదే వీడియో హాల్లో టీవీలో పెట్టాను, ఎక్కడ తప్పు చేశానో చూద్దామని. ఇంట్లో అందరూ చూశారు. మా ఆవిడ అంది: "ఆ చేను చూడు, కాయ పట్టి ఉంది. మనది యాభై రోజుల మొక్క. ఆ మోతాదు దీనికెలా సరిపోద్ది?" మా అమ్మ అంది: "ఆ అబ్బాయి చివర్లో డబ్బా చూపించి ఫోన్ నంబరు చెప్పాడు కదరా, అమ్ముకునేవాడు కాదూ?" నేను చివరిదాకా చూడనే లేదు. చేలో ఎండలో అరచేతి తెరలో నాకు మందుల పేర్లు తప్ప ఏమీ కనపడలేదు.

1975లో ఊరుమ్మడి టీవీ ముందు ఊరంతా కూర్చున్నప్పుడు చెప్పేవాడు ఒక్కడే, కానీ వాడి వెనక ఒక సంస్థ ఉంది. తప్పు చెప్తే అడగడానికి ఒక గడప ఉంది. ఇప్పుడు చెప్పేవాళ్లు వేలమంది. మంచి రైతులు, మంచి శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు, వాళ్ల దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. కానీ ఎవరు ఎవరో తేల్చుకునే పని మన నెత్తిన పడింది. ఆ పని ఒక్కడివల్ల కాదు.

అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. చేలో ఫోన్‌లో ఏది చూసినా, ఖర్చు పెట్టేముందు ఇంటికొచ్చి పెద్ద తెర మీద అందరితో కలిసి చివరిదాకా చూస్తాం. ఏ ఊరు, ఏ నేల, మొక్క వయసెంత, ఎప్పుడు తీసిన వీడియో, చివర్లో ఏమన్నా అమ్ముతున్నాడా, ఇవి చూస్తాం. తర్వాత కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తాను, తెలుగులోనే మాట్లాడతారు. లేదా దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లని అడుగుతాను. అప్పుడు కూడా ముందు రెండు సాళ్లలోనే కొట్టి చూస్తాను.

ఆ ఎకరం మళ్లీ చిగురించడానికి చాలా రోజులు పట్టింది, కాపు సగమే వచ్చింది. మీకు అలా కాకూడదు. మీ ఊళ్లో 1975 నాటి ఆ జాలీ డిష్ చూసిన పెద్దాయన ఎవరన్నా ఉంటే, అప్పుడు టీవీలో ఏం చూశారో అడిగి నాకు రాయండి. ఆ కబుర్లు వాళ్లతోనే పోకముందే విందాం.